మయోర్కాకి మూడు టికెట్లు

మైనస్ పద్దెనిమిదిలో నిలబడి
మేం ఎండ గురించి మాట్లాడుకుంటాం.

మాస్కుల్లోంచి మాట పొగై వస్తుంది.
ఇరవై ఒకటి – ఇరవై అయిదు కౌంటు వన్నామి రొయ్య,
తల లేనిది, తోక ఉన్నది,
పెట్టెలోకి. పెట్టె మీద టేపు.
టేపు మీద నా బొటనవేలు.
ఈ నెల అట్టపెట్టె మీద ఊరి పేరు కొత్తది:
పాల్మా, మయోర్కా.

"ఏటే, మా ఊరికా?" అంది నూకరత్నం.
"మీ ఊరికి కాదే. మయోర్కా."
"నానూ అదే అంతన్నాను. మా ఊరికా అని."
మేరీ సుగుణ నవ్వి నవ్వి
గ్లవ్వుతోనే కళ్ళు తుడుచుకుంది,
సూపర్‌వైజరు చేత తిట్లు తింది.

రత్నం కూతురు ఫోన్లో చూసి చెప్పింది.
స్పెయిన్ వాళ్ళ దీవట అది.
అక్కడి ఎండ కోసం విమానాలెక్కి వస్తారట జనం,
ఒళ్ళంతా నూనె పూసుకుని
ఇసకలో బోర్లా పడుకుంటారట.
"నెత్తళ్ళలాగా?"
"నెత్తళ్ళలాగే. మధ్యలో తిరగేసుకుంటారు కూడానట,
ఎవరిని వాళ్ళే."

ఆ రోజు నుంచి బెల్లు కొట్టాక
ఇరవై నిమిషాలు మా ప్రయాణం,
చిరిగిన అట్టముక్క వెనక, స్కెచ్ పెన్నుతో.
జూన్ వద్దు, పిల్లల ఫీజులు.
డిసెంబరు అసలే వద్దు, అప్పుడక్కడ చలట,
చలి మాకెందుకు?
సముద్రంలోకి నైటీ మీద చున్నీతో.
మాగాయ రెండు సీసాలు, ఒకటి హోటలాయనకి.
రొయ్యలు మాత్రం తినం.
ఎవరు ఎంత బతిమాలినా తినం.

వీసాకి కాయితాలు కావాలట.
బ్యాంకు పుస్తకం చూపించాలట. రత్నం పుస్తకంలో
ఆరొందల పన్నెండు. నాదాంట్లో డ్వాక్రా అప్పు.
తిరిగొస్తామని రుజువు కూడా కావాలట.
"చిట్టీ ఇంకా పద్నాలుగు వాయిదాలుంది,
పాట నాను ముందే పాడీసినాను,
రాకపోతే ఊరుకుంటాదేటి పాపాయమ్మ?
అదే రాయించు రుజువని."

రొయ్యని ఇవేవీ అడగరు.
మెటల్ డిటెక్టర్ లోంచి ఒక్కసారి దూరి
వెళ్ళిపోతుంది.

తెల్లారకుండా కంచరపాలెంలో బస్సెక్కుతాం,
దీపాలు పెట్టాక దిగుతాం.
ఆదివారం ఎండ ఉంటుంది గానీ
అది బట్టలకే సరిపోతుంది.
విశాఖపట్నంలో పుట్టి
ఎండకి మొహం వాచిపోయామంటే
ఎవరు నమ్ముతారు!

మొన్న మంగళవారం కంప్రెసర్ పోయింది.
పదకొండున్నరకే పంపేశారు, సగం రోజు కూలి కోసి.
భీమిలి రోడ్డు మీద మే నెల.
కుక్కలు లారీ కింద దూరాయి.
"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.
"మయోర్కాకి మూడు," అంది రత్నం, మొహం బిగబట్టి.
"మీ ఊరికో మా ఊరికో, స్టాపు పేరు చెప్పండి తల్లీ."
ఆధార్ చూపించమన్నాడు. వీసా అడగలేదు.
రత్నం కిటికీలోంచి చూసింది.
"ఎండ ఆడున్నాది గదా, ఆడికే."
ఎండాడకి మూడు జీరో టికెట్లు కొట్టిచ్చాడు.

దిగాం.
బస్ షెల్టర్ నీడని ఖాళీగా వదిలేసి
ఇనప రెయిలింగు మీద వేళ్ళు పరిచాం.
గొడుగు వేసుకున్నావిడ ఒకావిడ
వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయింది.

ముందు ఏమీ తెలీలేదు.
కాసేపటికి నొప్పి,
గోళ్ళ కింద నుంచి, సూదులు సూదులుగా.
మేరీ సుగుణ పెదవి కొరుక్కుంది, చెయ్యి తియ్యలేదు.

"కాస్తన్నాది," అంది రత్నం కళ్ళు మూసుకుని.
మళ్ళీ కొంతసేపటికి,
"తిరగెయ్యండే."

చేతులు వెల్లకిలా తిప్పాం.